మావయ్య బిగించిన బెల్టు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు ఒక కారు ఉండేదని చెబితే ఇప్పటి పిల్లలు మేమేదో కలిగినవాళ్ళమనుకుంటారు. అదేమీ లేదు. అది మా నాన్న తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర కిరాయికి తిప్పే కారు. మా నాన్న కొనేసరికే ఇద్దరి చేతులు మారి వచ్చింది. ముందు తలుపు బయటి నుంచి తీస్తేనే తెరుచుకునేది. వాన పడితే వెనక సీటు కింద నీళ్ళు నిలిచేవి. ఇంజను మాత్రం మెత్తగా నడిచేది. అందుకే నాన్న దాన్ని ఎవరేమన్నా పట్టించుకునేవారు కాదు.

నాకప్పుడు పదేళ్ళు. ఒక్కచోట కుదురుగా కూర్చునే పిల్లని కాదు. అన్నం తింటూ మధ్యలో లేచి వీధిలోకి వెళ్ళొచ్చేదాన్ని. దానికి తోడు విన్న ప్రతి చప్పుడునీ నోటితో అనే అలవాటొకటి ఉండేది. గూడ్సు బండి షంటింగు, పాలవాడి కేక, మా హెడ్మాస్టరు గారి దగ్గు, ఏదైనా సరే ఒకసారి వింటే చాలు. అమ్మ దాన్ని వెక్కిరింపు అనేది. పెద్దవాళ్ళని వెక్కిరిస్తే కళ్ళు పోతాయని భయపెట్టేది. కళ్ళు పోలేదు కానీ వీపు మాత్రం చాలాసార్లు మోగింది.

ఇది మా అత్తకి సంబంధించిన కథ కూడా. అత్త అంటే మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. ఆవిణ్ణి ఆకివీడు అవతల కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక ఊరికి ఇచ్చారు. అక్కడ ఇప్పుడు ఎటు చూసినా చేపల చెరువులే. అప్పట్లో మాత్రం వరి చేలు, వానాకాలం వస్తే వాటి మీదికి ఎక్కే కొల్లేరు. అత్త మొదటి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు కారు పంపమని మాకు కబురు వచ్చింది. ఆ రోజు నాన్న యాత్రికులను తీసుకుని ద్వారకా తిరుమల వెళ్ళి ఉన్నారు. నాన్న తిరిగి వచ్చేలోపల అత్తని పడవ మీద ఆకివీడు, అక్కణ్ణుంచి బస్సులో గూడెం తీసుకొచ్చారు. బిడ్డ దక్కలేదు. పడవలో ఆలస్యమైపోయిందని అందరూ అన్నారు. నాన్న మాత్రం, తను ఆ పూట కిరాయికి వెళ్ళడం వల్లే బిడ్డ పోయాడని మనసులో పెట్టేసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళు ద్వారకా తిరుమల కిరాయి ఎవరడిగినా ఒప్పుకోలేదు.

రెండోసారి అత్తకి నెలలు నిండుతున్నాయి. ఎనిమిదో నెలలో ప్రయాణం పనికిరాదని, తొమ్మిది పడగానే పురిటికి పంపుతామని వాళ్ళ అత్తగారు కబురు చేశారు. బుధవారం మంచిదన్నారు. అది తప్పితే పది రోజుల దాకా మంచి రోజు లేదట. ఈసారి కారు తీసుకుని తనే వస్తానని నాన్న మాట ఇచ్చారు.

ఆ విషయం మాట్లాడటానికే మావయ్య, అంటే అత్త భర్త, ముందటి వారం మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి. కానీ ఆయన పొలంలో నీళ్ళు తోడే ఆయిలింజను ఒకటి ఉండేది. అది ఉన్నందువల్ల ప్రపంచంలోని ఇంజన్లన్నీ తనకి తెలుసునని ఆయన నమ్మకం. నాన్న స్నానానికి వెళ్ళిన సమయంలో బానెట్ ఎత్తి చూసి, ఫ్యాను బెల్టు వదులుగా ఉందని తేల్చారు. నీళ్ళింజను బెల్టు తడికి జారిపోతుంది కాబట్టి దాన్ని గట్టిగా లాగి ఎక్కించడం ఆయనకి అలవాటు. అలాగే దీన్నీ బిగించేసి, నాన్న రాగానే గొప్పగా చెప్పారు. నేను పక్కనే ఒంటికాలి మీద గెంతుతూ అంతా చూశాను.

మర్నాటి నుంచి కారు చప్పుడు మొదలుపెట్టింది. ఊరికే నిలబెట్టి ఉంచినా లోపలెవరో సుత్తితో కొడుతున్నట్టు ఒకటే మోత. స్టేషను దగ్గర కిరాయికి అడిగిన వాళ్ళు ఆ మోత విని వెనక్కి తిరిగారు. నాన్న మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇక్కడే మా ఇంటి జబ్బు బయటపడింది. ఆ జబ్బు పేరు మొహమాటం. ఇంటి అల్లుడు చెయ్యి పెట్టాక బండి పాడైందని పరాయివాడి ముందు అనడమా! అది రేపు ఏ నోటి నుంచి ఏ నోటికి పాకి కొల్లేరు చేరుతుందో ఎవరికి తెలుసు? అందుకని నాన్న, బండి ముసలిదైంది కదా, లోపలేదో అరిగి ఉంటుందని తనే చెప్పారు. మెకానిక్కు అదే పట్టుకున్నాడు. బేరింగులు పోయాయని, ఇంజను దింపాలని, సామాను ఏలూరు నుంచి రావాలని, పది రోజులు పడుతుందని అన్నాడు. ఊళ్ళో ఇంకో రెండు కార్లుంటే, రెండూ శ్రావణమాసం పెళ్ళిళ్ళకి మాట ఇచ్చేసినవే.

మెకానిక్కు ఆ మాట అన్నాక రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. నాన్న బయటికి వెళ్ళి బానెట్ ఎత్తడం, దించడం, లోపలికి రావడం. అమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోవడం. వాన చినుకు పడ్డప్పుడల్లా అందరూ ఆకాశం వంక చూసేవారు. నాకైతే నోరు దురదపెట్టేది. మావయ్య సంగతి ఎక్కడైనా అన్నావంటే చంపేస్తానని అమ్మ ముందే నా చెవి మెలిపెట్టి ఉంచింది.

మంగళవారం పొద్దున్న పక్కింటి అక్క ఒక మాట చెప్పింది. వాళ్ళ నాన్న పనిచేసే రైసుమిల్లులో పూర్వం ఇంజను చూసుకున్న సాయిబు గారు ఒకాయన ఉన్నారట. పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నారట. ఒకసారి చూపిస్తే పోయేదేముందని అక్క అంది. నాన్న కారుని మెల్లగా నడుపుకుంటూ వెళ్ళారు. నేను అడక్కుండానే వెనక సీట్లో ఎక్కేశాను.

సాయిబు గారు నిమ్మచెట్టు కింద మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లటి గడ్డం, చేతుల మీద పాత కాలిన మచ్చలు. కారు ఆగగానే లేచి నిలబడి తల ఒక పక్కకి వంచారు. మిల్లు ఇంజన్ల మోతకి ఆయనకి ఒక చెవి ఏనాడో పోయింది. నాన్న నమస్కారం పెట్టి, బేరింగులు పోయాయట, ఇంజను దింపాలట అని మొదలుపెట్టారు.

"జబ్బు పేరు తర్వాత చూద్దామండీ. చప్పుడు ఎప్పట్నుంచండీ?" అన్నారాయన.

"ఈ మధ్యనేనండీ."

"ఈ మధ్యనంటే?"

నాన్న తల గోక్కున్నారు. ముసలి బండి కదండీ అని మళ్ళీ అదే పాట పాడారు. సాయిబు గారు ఆయన మొహం వంక కాసేపు చూశారు. అక్కడేదో నొక్కిపెట్టిన మాట ఉందని ఆయనకి అర్థమైపోయిందని ఇప్పుడు నాకు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. ఆయన నాన్నని వదిలేసి, కారు చుట్టూ తిరుగుతున్న నా వైపు తిరిగారు. తనకి ఒక చెవి వినపడదని, ఆ చప్పుడు ఎలా ఉందో నోటితో అని చూపించమని అడిగారు. పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్దమనిషి నన్ను ఆ పని చెయ్యమని అడగడం అదే మొదటిసారి. నాకు ఒళ్ళు తెలియలేదు. "టకటక టకటక ఠక్" అని అన్నాను. అంతకుముందు ఇంజను ఎలా ఉండేదన్నారు. పెదవులు బిగించి "గుర్ర్" మని మెత్తగా అన్నాను. ఆ రెండింటికీ మధ్యలో ఏం వినిపించిందమ్మా అన్నారు. ఆ ఊపులో నేను పానా బోల్టు మీద జారిన కీచుమనే చప్పుడు చేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం మావయ్య గొంతుతో అనేశాను.

"ఇహ చూస్కోండి బావగారూ, పదేళ్ళ దాకా దీని మొహం చూడక్కర్లేదండీ!"

అన్నాక గానీ తెలియలేదు ఏం చేశానో. నాన్న మొహం ఎర్రబడింది. నేను వీపు సర్దుకుని రెండడుగులు వెనక్కి వేశాను. సాయిబు గారు నవ్వలేదు. బావగారెవరని అడగలేదు. లోపలి నుంచి పానాలు తెచ్చి, ఫ్యాను బెల్టు ఊడదీసి పక్కన పెట్టి, ఒక్క నిమిషం స్టార్టు చెయ్యమన్నారు.

నాన్న స్టార్టు చేశారు. మోత లేదు. పాత గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న స్టీరింగు మీద తల ఆనించేశారు.

జరిగిందేమిటంటే, బెల్టు బిగించాలంటే అది తిప్పే, కరెంటు పుట్టించే డైనమోని కదిపి మళ్ళీ బిగించాలి. మావయ్య పైబోల్టు బిగించి కిందది మరిచిపోయారు. అతిగా లాగిన బెల్టుకి ఆ డైనమో ఊగిపోతూ ఇంజనుకి కొట్టుకుంటోంది. సాయిబు గారు అరగంటలో దాన్ని సరిచేసి, బెల్టు వేలితో నొక్కితే కాస్త లొంగేంత వదులు పెట్టి ఎక్కించారు. చేతులు తుడుచుకుంటూ, బోల్టులు పాతవైపోయాయని, వాటంతటవే వదులయ్యాయని, ఇందులో ఎవరి తప్పూ లేదని నాన్నకి చెప్పారు. అది అబద్ధమని మా ముగ్గురికీ తెలుసు. నాన్న గుండెల్లో బరువు దిగినట్టు "ఆయ్, అంతేనండీ" అన్నారు. నాతో మాత్రం ఆయన వేరే మాట అన్నారు.

"ఎక్కడ పుట్టిందో తెలియనప్పుడు, ఎప్పుడు పుట్టిందో అడగాలమ్మా. చెప్పేదాకా అడగాలి."

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. అమ్మ పురిటి గది సర్దుకోవాలని ఉండిపోయింది. నేను దారంతా తలుపుకి చెవి ఆనించే ఉన్నాను. చప్పుడు లేకపోతే కూడా నాకు భయంగానే ఉంది. ఆకివీడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. అత్తవారింట్లో భోజనాలు పెట్టారు, ఒడి నింపారు, ఆపైన రాహుకాలం వెళ్ళనివ్వమన్నారు. నేను గుమ్మంలోకీ కారులోకీ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. అత్త నన్ను చూసి నవ్వింది గానీ దగ్గరికి పిలవలేదు. ఎప్పుడూ అలా ఉండేది కాదు.

తిరుగు ప్రయాణంలో మావయ్య ముందు సీట్లో కూర్చున్నారు. ఇంజను మెత్తగా నడుస్తుంటే ఆయన ఆనందం పట్టలేకపోయారు. "చూశారా బావగారూ, మొన్న నేను బెల్టు బిగించాక ఎలా నడుస్తోందో!" అన్నారు. "ఆయ్, మీ చెయ్యి మంచిదండీ" అన్నారు నాన్న. నాకు నవ్వు పొంగుకొచ్చి అత్త వైపు తిరిగాను. అత్త నవ్వట్లేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. నుదుటి నిండా చెమట.

ఏమైందత్తా అన్నాను. ఏం లేదే, ఎండ అంది. బయట ఎండ లేదు, మబ్బు పట్టి ఉంది. సాయిబు గారి మాట ఇంకా చెవిలోనే ఉంది కాబట్టి నేను ఊరుకోలేదు.

"ఎప్పట్నుంచత్తా?"

అత్త ముందు సీటు వంక చూసి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగాను. మూడోసారి కూడా అడిగాను. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి, "నిన్న పొద్దుటి నుంచి లోపల కదలట్లేదే" అంది. ఎందుకు చెప్పలేదంటే, మంచి రోజు చూసి పంపుతుంటే అపశకునం మాట ఎలా అంటానంది. బుధవారం ఎలాగూ అన్నయ్య వస్తాడు కదా అనుకుందట.

నేను ఆ మాట గట్టిగా, ఉన్నదున్నట్టు, నా సొంత గొంతుతో నాన్నకి చెప్పాను. మావయ్య సగంలో మాట ఆపేశారు. నాన్న ఆ కారుని అంత వేగంగా నడపడం నేను మళ్ళీ చూడలేదు. ఇంటికి కాదు, నేరుగా గూడెం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి వేసి చూసి, వెంటనే ఆపరేషను గదిలోకి పంపించేశారు. మావయ్య వరండాలో గోడకి ఆనుకుని, నాతో ఒక్కమాట చెప్పలేదే అని తనలో తనే అనుకుంటూ నిలబడ్డారు. నాన్న వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నారు. నేను ఆ వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం నన్ను ఎవరూ కూర్చోమనలేదు.

చీకటి పడకముందే లోపల బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది, నీలంగా ఉంది, కానీ ఏడ్చింది. నాన్న కూడా ఏడ్చారు. కారు ఉండబట్టి దక్కింది, అప్పుడూ కారు ఉండి ఉంటే ఆ బిడ్డా దక్కేవాడు అని మూడు రోజులు అందరితోనూ అదే మాట అన్నారు.

మూడో రోజున అత్త మంచం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. అత్త పక్కనున్న పాపని చూసుకుంటూ, చాలా నెమ్మదిగా, నాతో అన్నట్టు కాకుండా అంది. "పడవ వల్ల పోలేదే వాడు. నొప్పులు రాకముందే రెండు రోజులు ఇలాగే కదల్లేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు." ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, మీ నాన్నకి చెప్పకే, నన్ను తిట్టుకుంటాడు అంది. చెప్పనని మాట ఇచ్చాను.

నేను బడిపంతులమ్మనై ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. క్లాసులో ఏ పిల్ల ఏం లేదండీ టీచరుగారూ అన్నా వదిలేదాన్ని కాదు. ఇప్పుడు మనవలు నన్ను పోలీసమ్మ అంటారు, విసుక్కుంటారు. విసుక్కుంటే విసుక్కోనీ, మూడుసార్లయినా అడుగుతాను. కానీ అత్తకి ఇచ్చిన మాట కోసం నాన్నకి ఆ సంగతి నేను ఎన్నడూ చెప్పలేదు. అత్త పోయాక కూడా చెప్పలేదు. ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది, ఎలా చెప్పడమా అని మింగేశాను. ఆ రోజు తను ద్వారకా తిరుమల వెళ్ళడం వల్లే బిడ్డ పోయాడని అనుకుంటూనే నాన్న వెళ్ళిపోయారు. అడగడం నాకు పదేళ్ళకే వచ్చింది. చెప్పడానికి మాత్రం ఇవాళ్టి దాకా పట్టింది.