నాయిన ఫోన్‌లో ఇంకో గొంతు

మాది సూర్యాపేటలో పిండిగిర్ని. ఒక మిషన్‌లో బియ్యం, గోధుమలు, జొన్నలు పడతాం. పక్కన చిన్న మిషన్‌లో మిరపకాయలు, పసుపు. మా ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా కారణం పిండే. గోడగడియారం అట్లనే ఆగిపోయింది, రేడియో అట్లనే పోయింది. అమ్మ చనిపోయిన కొన్ని నెలలకు నాయిన ఫోన్ స్పీకర్ బొక్కల్లో పిండి గట్టిపడి అది కూడా మూగదైంది.

నేనప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు చేసేదాన్ని. లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారం వచ్చి మంచి ఫోన్ చూసి కొనిస్తానన్నాను. నాయిన ఆగలేదు, ఆయనే పోయి కొనుక్కున్నాడు. షాపులో ఆయన అడిగింది ఒక్కటే: "గిర్ని నడుస్తున్నప్పుడు గూడ నాకు ఇనబడాలె." ఏండ్ల తరబడి ఆ మోతలో ఉండి ఆయన చెవులు మొద్దుబారాయి. షాపతను తక్కువ ధర ఫోన్లు వరసగా పెట్టి, అన్నిట్లో ఒకటే పాట వేసి వినిపించాడట. అన్నిట్లోకి గట్టిగా మోగిందేదో అది తెచ్చుకున్నాడు.

"ఏడు వేల లోపేనే బిడ్డా. డీజే లెక్క మోగుతది" అన్నాడు మొదటి కాల్‌లో. అమ్మ పోయాక ఆయన ఒక వస్తువు గురించి అంత సంబరంగా మాట్లాడటం అదే మొదలు.

ఆ కాల్‌లోనే విన్నాను. నాయిన మాట వెనకాల, కొంచెం దూరంగా, ఎవరో ఆడమనిషి ఏదో అన్నట్టు.

"పక్కన ఎవరన్న ఉన్నరా నాయినా?"

"ఎవ్వరు లేరు. కరెంటు పోయింది, గిర్ని బందుంది. నేనొక్కన్నే."

టీవీ అనుకున్నాను. పక్కింటి వాళ్ళ మాటలనుకున్నాను. కాని తర్వాత రోజు కూడా వినబడింది, ఆ తర్వాత కూడా. మాట మొత్తం వచ్చేది కాదు. చివరి ముక్కే వచ్చేది. "...న్నవా." "...లేదా." ఒక్కోసారి ఊరికే "ఆఁ" అని. కొంచెం గరుకుగా, ఆలస్యంగా, గోడ అవతల నుంచి వచ్చినట్టు.

అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె ఎప్పుడూ గిర్ని గడప దగ్గర కాంటా పక్కన కూర్చునేది. అక్కడ నుంచే నాయినతో, నాతో, వచ్చిన వాళ్ళతో మోతను దాటేట్టు మాట్లాడేది. అట్లా అరిచీ అరిచీ ఆమె గొంతు గరుకైపోయింది. ఆమె మాటల్లో మొదలు గిర్నిలో కలిసిపోయేది, చివరలే మా దాకా వచ్చేవి. వాటితోనే ఆమె ఏమన్నదో అర్థం చేసుకునేవాళ్ళం. ఒకరోజు పొద్దున కాంటా మీద సంచి పెడుతూ పెడుతూ పక్కకు ఒరిగింది. దవాఖానకు తీసుకపోయేసరికి మాట పడిపోయింది. మూడో రోజు మనిషే పోయింది.

ఆమె గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఆమెది బటన్ ఫోన్. బంధువుల పెండ్లి వీడియోలో ఒకచోట నవ్వుతూ ఏదో అంటుంది, కాని దాని మీద పాట వేశారు. ఆ ముక్కను నేను ఎన్నిసార్లు చూశానో. పెదవులు కదులుతాయి, పాట వినబడుతుంది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి హాస్టల్‌కు నడుస్తూ నాయినకు ఫోన్ చేశాను. వాన మొదలయ్యేట్టుంది. మిల్లుల పొట్టు వాసన రోడ్డు మీదికి దిగింది. మాటలు అయిపోయాయి. "పైలం నాయినా" అని పెట్టేయబోయాను.

"...లం నాయినా" అని వినబడింది.

నేను రోడ్డు మధ్యలో నిలబడ్డాను. వెనక ఆటో అతను హారన్ కొడుతున్నాడు. అమ్మ నన్ను బస్సెక్కించినప్పుడల్లా జాగ్రత్త చెబుతూ "పైలం నాయినా" అనేది. ఆడపిల్లనైనా నన్ను నాయినా అనే పిలిచేది. ఆ గరుకు, ఆ చివర సాగదీయడం ఆమెదే. భయమూ కాదు, సంతోషమూ కాదు. తలుపు తీసి చూస్తే లోపల ఎవరో కూర్చుని ఉన్నట్టు.

ఎకో అనే సంగతి నాకు తెలియక కాదు. చదువుకున్నదాన్నే. కాని ఎకో అంటే నా మాట నాకు తిరిగి రావాలి. ఇది నా మాటలా లేదు. నా గొంతులా అసలే లేదు.

రెండు రోజులు ఆగి నాయినకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"నాయినా, నువ్వు ఫోన్ మాట్లాడుతుంటే వెనకాల అమ్మ మాట్లాడినట్టు ఇనబడుతుంది."

గిర్ని బందు చేసిన చప్పుడు వచ్చింది. బెల్టు తిరిగీ తిరిగీ ఆగింది.

"ఏమంటున్నది?" అన్నాడు.

ఆ రోజు నుంచి మా కాల్స్ మారిపోయాయి. నేను చేసే టైముకు గిర్ని ఆపి పెట్టేవాడు. గిరాకీలను కాసేపు ఆగమనేవాడు. నా క్షేమం అడిగినాక, కొంచెం గొంతు తగ్గించి, "ఇయ్యాల ఇనబడ్డదా?" అనేవాడు. విన్నది చెప్పేదాన్ని. "తిన్నవా అన్నది." "ఆఁ అన్నది, గంతే." ఆయన తనకు వినబడుతుందేమోనని ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకునేవాడట. ఏమీ వినబడేది కాదు. పక్కనే ఉన్న మనిషి తనకు తప్ప అందరికీ వినబడుతున్నట్టు అయింది ఆయనకు.

ఇంటికి పోయినప్పుడు చూశాను. మూలకు పెట్టిన అమ్మ పీట మళ్ళీ కాంటా పక్కకు వచ్చింది. దాని మీద పిండి లేదు, తుడిచి ఉంది. నాయిన గడ్డం గీసుకున్నాడు. రెండు పూటలా వండుకుంటున్నాడు. అంతకు ముందు ఒక పూట వండి రెండు రోజులు తినేవాడు. ఆయన బాగుపడుతున్నాడో, ఇంకెటో పోతున్నాడో నాకు తెలియలేదు.

కోదాడలో మా మేనత్త ఉంటుంది. నాయిన ఆమెకు కూడా చెప్పేశాడు. ఒకరోజు ఆఫీసులో ఉంటే ఆమె దగ్గర నుంచి ఫోన్. గొంతు వణుకుతుంది.

"ఏమేవ్, మీ నాన్న చెప్తే నమ్మలేదు. ఇప్పుడే వాడితో మాట్లాడా. నాకూ వినబడిందే."

"అమ్మేనా అత్తమ్మా?"

"మీ అమ్మ కాదు" అంది. "మా అమ్మ."

మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. అత్తమ్మ ఏడుస్తూ చెప్పుకుపోతుంది. అదే దగ్గులాంటి మాటంట, అదే మూలుగంట. ఇంట్లో పోయినవాళ్ళందరూ దిగివచ్చారేమో, శాంతి చేయించాలేమో అంటుంది. నా ముందు స్క్రీన్ మీద సగం టైపు చేసిన బిల్లు ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. అత్తమ్మకు నాయనమ్మ పోలికని ఇంట్లో అందరూ అంటారు. ముఖమే కాదు, మాట కూడా.

ఆమె ఫోన్ పెట్టేశాక నాయినకు చేశాను. ఆయన "హలో" అనగానే, ఇంట్లో నేనెప్పుడూ అనని మాట, అమ్మ జన్మలో అనని మాట అన్నాను.

"ఇన్‌వాయిస్."

"ఏందది?" అన్నాడు నాయిన.

ఆయన మాటతో పాటే, గరుకుగా, ఆలస్యంగా, అమ్మ గొంతుతో "...వాయిస్" అని వచ్చింది.

నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను. ఇన్ని నెలలు నేను విన్నది నన్నే. గిర్ని మోతకని నాయిన సౌండ్ నిండుగా పెట్టుకుంటాడు. ఆ ఫోన్‌లో నా మాట గట్టిగా మోగి, మళ్ళీ దాని మైకులోకే పోయి, సగం తెగి, అరిగిపోయి నాకు తిరిగి వస్తుంది. అరిగిపోయిన నా గొంతు అమ్మ గొంతు. ఆ సంగతి తెలిసినా ఊరట కలగలేదు. అమ్మ రెండోసారి పోయినట్టయింది. పైగా ఈసారి ఆమె నా నోట్లోనే ఉంది.

ఫోన్లో చెప్పే మాట కాదది. ఆదివారం నాయినను తీసుకుని కోదాడ పోయాను. అత్తమ్మ ఇంట్లో ముగ్గురం కూర్చున్నాక చెప్పాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఫోన్‌కేం తెలుసు మా అమ్మ గొంతు" అంది. నాయిన మాత్రం తన చేతిలో ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం వస్తుందేమో, ఏడుస్తాడేమో అని నేను చూస్తున్నాను.

"నాకొక్కసారి ఇనిపియ్యి" అన్నాడు.

ఆయన ఫోన్‌ను అత్తమ్మ చేతికిచ్చి, సౌండ్ నిండుగా పెట్టి, ఏమీ మాట్లాడకుండా పట్టుకోమన్నాను. మేమిద్దరం మెట్లెక్కి డాబా మీదికి పోయాం. నా ఫోన్ నుంచి కాల్ చేసి నాయిన చెవికి పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను ఆయన చెంప పక్కకు వంగి, ఫోన్ కింది వైపు నోరు పెట్టాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి రోజూ అడిగేవే అడిగాను.

"తిన్నవా?"

నాయిన కళ్ళు మూసుకున్నాడు.

"గిర్ని బందు వెట్టినవా?"

"వెట్టిన" అన్నాడు నాయిన. నాకు కాదు, ఫోన్‌కు. "తిన్న. పప్పు వండుకున్న."

నేను అక్కడే ఆపేశాను. ఆయన అట్లనే చెవికి పెట్టుకుని ఉన్నాడు. కింద వీధిలో కూరగాయల బండి అతను మైకులో అరుచుకుంటూ పోయాడు. కాసేపటికి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నీ గొంతే బిడ్డా" అన్నాడు. "కాని మీ అమ్మ పెండ్లయిన కొత్తల గిట్లనే మాట్లాడేది. గప్పటికి గిర్ని లేదు మాకు."

ఆ గొంతు నేనెరగను. నేను విన్నది అరిచి అరిచి అరిగిన అమ్మను. ఆయన విన్నది ఇంకా అరవని అమ్మను. ఒకే స్పీకర్, ఒకే మాట.

కిందికి దిగాక నాయినే అన్నాడు, వేరే ఫోన్ చూద్దామని. మెయిన్ రోడ్డు మీద ఒక షాపుకు పోయాం. షాపతను ఓపికగలవాడు. పాటలు వేయబోతే నాయిన వద్దన్నాడు. "మాట్లాడి సూపియ్యి" అన్నాడు. నేను రోడ్డు అవతలికి పోయి ఒక్కో ఫోన్‌కు కాల్ చేశాను. అవతల లారీలు, బస్సులు. కొన్నిట్లో నా మాట నాకు తిరిగి వచ్చింది. కొన్నిట్లో నాయిన మాట నీళ్ళలో మునిగినట్టు వచ్చింది. ఒకదాంట్లో ఆయన గొంతు ఒక్కటే, పక్కన నిలబడ్డట్టు వచ్చింది. పాత దానికంటే కొంచెం ఎక్కువ ధర.

"తక్కువలో కావాలంటే గట్టిగా మోగేవి చాలా ఉన్నాయండీ" అన్నాడు షాపతను. "కాల్ శుభ్రంగా ఉండాలంటే మాత్రం ఇదే నయం. జనం పాట విని కొంటారు, ఇంటికెళ్ళి మాట్లాడుకుంటారు."

పాతది ఎక్స్‌చేంజ్‌కు ఇస్తారా అని అడిగాడు. నేను నాయిన వైపు చూశాను. ఆయన జేబులోంచి తీసి కౌంటర్ మీద పెట్టాడు. షాపతను అందులో ఉన్నదంతా చెరిపేస్తుంటే నేను బయటికొచ్చి నిలబడ్డాను. అందులో చెరపడానికి ఆమెది ఏమీ లేదని తెలుసు. అయినా చూడలేకపోయాను.

కొత్త ఫోన్‌లో మొదటి కాల్ గుర్తుంది. నాయిన మాట ఆగినప్పుడల్లా దాని వెనక ఏమీ లేదు. ఖాళీ. నేను మాట చివర కావాలని సాగదీసి ఆగేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. అట్లా ఆ ఖాళీని వింటూ ఉండగానే, కొన్ని వారాలకు, అందులో ఇంకొకటి వినబడటం మొదలైంది. సన్నగా, పిల్లంగోవిలోంచి గాలి పోయినట్టు. ఊపిరి తీసుకున్నప్పుడొకటి, వదిలినప్పుడొకటి.

"నాయినా, దమ్ము వస్తుందా?"

"ఏం లేదే. మెట్లెక్కిన."

మా ఇంటికి మెట్లు లేవు.

మరునాడు సెలవు పెట్టి సూర్యాపేట పోయి దవాఖానకు తీసుకపోయాను. డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి విని, ఏం పని చేస్తారని అడిగింది. గిర్ని అనగానే తలూపింది. ఎప్పటి నుంచో ఉన్నట్టుందని, మిరప ఘాటు, పిండి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని, ఇంకా చేయి దాటలేదని చెప్పింది. పీల్చే మందు రాసింది. మిరపకాయలు పట్టడం మానమంది.

నాయిన మిరప మిషన్ అమ్మేశాడు. గోధుమలు, బియ్యం ఇంకా పడుతున్నాడు, ముక్కుకు తువ్వాల కట్టుకుని. మందు వేళకు పీలుస్తున్నానంటాడు. రోజూ సాయంత్రం నేను ఫోన్ చేస్తాను. మాటల మధ్యలో నేను వింటున్నానని ఆయనకు తెలిసిపోయింది. నేను మాట ఆపగానే ఆయన ఊపిరి బిగబడతాడు, నాకు వినబడకుండా. ఆ ఫోన్‌లో అది కూడా వినబడుతుంది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని, ఆయన మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా అట్లనే నిలబడి ఉంటాను.