ఎర్ర గీత దాటిన గొంతు

థైరాయిడ్ ఆపరేషన్‌కు సంతకం చేయించుకుంటూ డాక్టరు, "గొంతు మారొచ్చమ్మా, ముందే ఏమీ చెప్పలేం" అన్నారు. అప్పటి నుంచి నాకు అదే భయం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పద్దెనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నదాన్ని. నాకున్న ఆస్తి ఆ గొంతొక్కటే.

చేతిలో నాలుగు రోజులున్నాయి. ముఖ్యమైన పాఠాలన్నీ ఇంట్లో కంప్యూటర్లో రికార్డు చేసి పెట్టాలనుకున్నాను. రేపు గొంతు పోయినా పిల్లలకు పాఠం నా గొంతుతోనే వినపడాలి. మా వారు మైకు కొనుక్కొచ్చారు. "హలో, హలో, వినపడుతోందా" అని మెల్లగా అంటూ, గొంతును బట్టి తెర మీద లేచే పచ్చ గీత, పైనున్న ఎర్ర గీత వైపు సగానికి పైగా వచ్చేదాకా మైకు ఇన్‌పుట్ లెవెల్ పెంచాను. ఎంతో జాగ్రత్తగా చేశాననే నా నమ్మకం. తలుపులేసుకుని మూడు రోజుల్లో ఎనిమిది పాఠాలు చెప్పాను.

నాలుగో రోజు పెట్టుకుని విన్నాను. ప్రతి మాటా పగిలిపోయి గరగరలాడుతోంది. జబ్బు అప్పుడే గొంతును తినేసిందనుకున్నాను.

మా వారు పరుగున వెళ్లి, కింది వాటాలో ఉండే కంప్యూటర్ రిపేరు ఆయన్ని పిలుచుకొచ్చారు. నల్లగొండ వైపు మనిషి. తెర మీద నా మాటల అలలు చూశాడు. పైనా కిందా కత్తెరతో కోసినట్టు చదునుగా ఉన్నాయి.

"పరేషాన్ గాకున్రి మేడం. మాట్లాడే గొంతుతోని లెవెల్ పెట్టిన్రు, కొట్లాడే గొంతుతోని పాఠం చెప్పిన్రు. ఎర్ర గీత దాటినదంత మిషను కోసేసింది, గంతే."

నా అలవాటు తగలెయ్య! ఎదురుగా ఉన్నది గోడే అయినా, చివరి బెంచీ దాకా వినపడేలా అరుస్తూ పోయాను. భయంలోనూ నవ్వొచ్చింది.

"ఈ పాఠాలను బాగు చేయలేమా?" అన్నాను.

"కోసేసింది మళ్ల రాదు మేడం. కొత్తగ చెప్పాలె. మీకెంత పెద్ద గొంతున్నదో అంత గట్టిగ ఒక్కసారి అనున్రి. అది ఎర్ర గీతకు జర కిందికే ఉండేటట్టు పెడతా."

నోరు తెరిచాను. మూడు రోజుల అరుపులకు గొంతు బొంగురుపోయింది. గట్టిగా అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. పచ్చ గీత అడుగునే వణికింది.

"అలసిపోయిన్రు. రేపు చేద్దాం తియ్యున్రి" అన్నాడు, ఏమీ తెలియని ఆ మంచి మనిషి. తెల్లారితే నేను ఎల్‌బీ నగర్ ఆసుపత్రిలో చేరాలి. ఉన్న గొంతును నా చేతులారా నేనే తగలేసుకున్నాను.

ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చినా చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నాను. మాట్లాడితే సంగతి తేలిపోతుందని భయం. మా వారు నుదుటి మీద చెయ్యి వేసి, "నొప్పిగా ఉందా?" అన్నారు.

"లేదండీ" అన్నాను, ఉన్న బలమంతా పెట్టి.

ఆయన వంగి, చెవిని నా పెదాల దగ్గరికి తెచ్చి, "ఏమన్నావు?" అని మళ్లీ అడిగారు.