పప్పు కనిపించని వెబ్‌సైట్

పలాసకు ఇంటర్నెట్ సెంటర్లు వచ్చిన కొత్తలో మా చిన్న జీడిపప్పు బట్టీకి నేనే వెబ్‌సైట్ తయారుచేశాను. తెరవగానే మెరిసే అక్షరాలు, వెనక సంగీతం. సైట్‌లోకి వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయేవారు, ఆర్డరు ఒక్కటీ రాలేదు. ఒకరోజు మా దగ్గర పప్పు ఒలిచే పెద్దమ్మకు చూపించాను.

“ఇందల పప్పేదమ్మా? మనం సేసే పని సూపెట్టు,” అంది.

మెరుపులూ సంగీతమూ తీసేశాను. ఆమె జీడిపిక్క పగలగొట్టడం నుంచి పొర తీయడం దాకా వరసగా ఫొటోలు పెట్టాను. విరగని నిండు గుండు పప్పునూ రెండుగా విడిపోయిన బద్దనూ పక్కపక్కన చూపించి తేడా రాశాను.

నెల తిరక్కుండానే విజయవాడ నుంచి ఒక వ్యాపారి ఫోన్ చేశాడు.

“అన్ని పేజీలూ చూశానమ్మా. ఆ పప్పు ఒలిచే ఆవిడ ఎవరు?”

ఫోన్ ఆమెకే ఇచ్చాను.

“నానే బాబూ. ఏ రకం కావాలేటి?” అంది.

వెబ్‌సైట్ చూసి వచ్చిన మా మొదటి ఆర్డరు ఆమే తీసుకుంది.