నాయన జేబులో బోల్ట్

మొన్న షార్జా పశువుల సంత దగ్గర సిగ్నల్ పడి కిటికీ అద్దం దించానో లేదో, అప్పుడే కోసిన జత్ గడ్డి వాసన గుప్పున వచ్చింది. ఇక్కడ మేకలకు వేసే ఆ పచ్చిమేతలో తడి ఇసుక, పంపుసెట్టు పొగ, మేకల వెచ్చదనం అన్నీ కలగలిసి ఉంటాయి. పచ్చదీపం వెలిగిందని వెనకనుంచి హారన్లు మోగుతున్నా నా కాలు కదల్లేదు. నేను పదేళ్ళ పిల్లనై ఖోర్ ఫక్కాన్ కొండల నడుమ ఉన్నాను.

మా నాయన మిలిటరీలో తుపాకులు బాగుచేసే పని చేసి, పింఛను పుచ్చుకున్నాక రాయచోటి నుంచి ఇక్కడికి వచ్చి ఒక అరబ్బు పెద్దాయన తోటకు మేస్త్రీ అయ్యాడు. ఆ పెద్దాయనను అందరూ అర్బాబ్ అనేవారు. తోట చివర రెండు గదుల్లో నాయన, అమ్మ, నేను, నాలుగేళ్ళ చెల్లెలు మున్నీ ఉండేవాళ్ళం. ఎండాకాలమంతా ఏసీ గదిలో మగ్గిన మాకు చలికాలం సెలవులు పండగే. ఎండిన కొండవాగులో గులకరాళ్ళమీద తొక్కుడుబిళ్ళ ఆడి, రేగుచెట్లను దులిపి ఒళ్ళో నింపుకుని, అమ్మ పొంగణాల వాసన పట్టుకుని ఇంటికి పరిగెత్తేవాళ్ళం. బక్రీదుకని పెంచే మేకలు ఆ నెలల్లోనే ఈనేవి. వణికే కాళ్ళతో లేచి నిలబడే పిల్లలకు పాలసీసా పట్టే పని నాది.

ఆ ఏడాది ఊరకుక్కలు గుంపుకట్టి కొండల్లో అడవి జంతువుల్లా తిరగసాగాయి. మూడు వారాల్లో ఏడు మేకపిల్లలు పోయాయి. వాటిలో రెండు నా చేతి సీసా పాలు తాగినవి. గుంపుకు ముందు నడిచేది ఒక ఎర్రకుక్క. అర్బాబ్ ఒక సాయంత్రం తన చిన్న తుపాకి, పాయింట్ టూ టూ, తెచ్చాడు. శబ్దం తక్కువ, మేకలు బెదరవు అన్నాడు. నాయన ఏదో చెప్పబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు. కుక్క దూరంగా గట్టుమీద నిలబడింది. పేలిన చప్పుడు టపాకాయంత కూడా లేదు. ఎర్రకుక్క గిర్రున తిరిగి కడుపును కొరుక్కుంటూ రాళ్ళచాటుకు పోయింది.

చచ్చి ఉంటుందనుకున్నారు. చావలేదు. పరిగెత్తే మేకలను ఇక పట్టలేక అది మా ఇంటివైపే రావడం మొదలుపెట్టింది. కోళ్ళగూడు పీకింది. ఒక ఉదయం వంటింటి గడపలో మున్నీకి ఎదురుగా పళ్ళు బయటపెట్టి నిలబడితే అమ్మ పెనం విసిరి తరిమింది. ఆ రోజునుంచి మాకు బయట అడుగుపెట్టడం లేదు. ఏడాదిలో మాకు దక్కే ఆ కాసిని మంచి రోజులూ కిటికీ ఊచలకు ముఖం ఆనించి గడిపాం. గాలికి ఖర్జూరపు మట్ట రాలినా ఉలిక్కిపడేదాన్ని. పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలిచేవి కావు. నాయన కూడా కుదురుగా కూర్చోలేదు, అన్నం ముందునుంచి లేచి వెళ్ళి గట్టు చూసివచ్చేవాడు.

అప్పుడొచ్చాడు అర్బాబ్ మేనల్లుడు జాసిమ్, జింకలను వేటాడే పెద్ద రైఫిల్ భుజాన వేసుకుని. త్రీ నాట్ ఎయిట్. గట్టుమీద కుక్క కనబడగానే జీపు మీద రైఫిల్ ఆనించాడు. నాయన పరిగెత్తుకెళ్ళి గొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు.

"గట్టు అవతల లేబర్ క్యాంపు ఉంది, సార్. ఈ తూటా కుక్కలో ఆగదు."

"ఇక్కడ ముదీర్ నువ్వా, నేనా?" జాసిమ్ హిందీలో అరిచాడు. ముదీర్ అంటే పెత్తనం చేసేవాడు.

జాసిమ్ గొట్టం పక్కకు తిప్పినంతలో నాయన చెయ్యి చాచి, తుపాకిలో తూటాను బిగించే ఇనుప కడ్డీని, బోల్టును, ఒక్క లాగుతో బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. ఇరవై ఏళ్ళు చేసిన పని ఆ వేళ్ళు మరవలేదు.

జాసిమ్ ఫోను తీసి మామతో గట్టిగా మాట్లాడుతూ వెళ్ళిపోయాడు. అమ్మ మంచంకింద పెట్టెలు బయటికి లాగింది.

"యీ పని బోతే యాడికి బోతాం? నీకేల ఆ కుక్క గొడవ?"

"కుక్క గొడవ గాదు. ఆడ మనుషులుండారు," అన్నాడు నాయన.

అర్బాబ్ రెండు రోజులకు వచ్చాడు. ఆ రెండు రోజులూ సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం. నాయన బోల్టు ఆయన చేతిలో పెట్టి, బోడికొండకు ఎదురుగా నీళ్ళు నింపిన నూనె డబ్బాలు నాలుగు వరసగా పేర్చి, కాల్చి చూడమన్నాడు. పెద్ద తూటా నాలుగింటినీ తొలుచుకుని కొండను కొట్టింది. తర్వాత అర్బాబ్ ఇంటినుంచి తెప్పించిన నడిమిరకం తుపాకి, టూ ట్వంటీ త్రీతో, తేలిక తూటా పెట్టి కాల్చారు. మొదటి డబ్బా నీళ్ళు చిమ్ముతూ పగిలింది, రెండోదాంట్లో తూటా ముక్కలు దొరికాయి, మూడోదానికి గీత కూడా పడలేదు. అర్బాబ్ మూడో డబ్బాను చేత్తో తిప్పి చూశాడు. "ఖలాస్," అన్నాడు చివరికి. "ఇక చాలు. ఈ తుపాకే."

మర్నాడు తెల్లవారగానే, కుక్కకు వెనక కొండ అడ్డుండే చోటు నాయన చూపితే, అర్బాబ్ అక్కడినుంచే కాల్చాడు. ఎర్రకుక్క నిలుచున్నచోటే కూలిపోయింది. అమ్మ వద్దంటున్నా నాయన వెంట నేనూ వెళ్ళాను. సంతోషం వస్తుందనుకున్నాను. దాని కడుపుమీద చిన్న తుపాకి చేసిన పాత గాయం కుళ్ళి, ఈగలు ముసిరి ఉంది. నాయన దానిపక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పదిదినాలు," అన్నాడు. "ఆ పొద్దే సెప్పుండాల్సింది పాపా. చిన్నది సాలదని నాకు తెలుసు. పని పోతాదని నోరు మూసుకున్యా."

నాయన తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను.

సంతనుంచి ఇంటికి వెళ్ళకుండా ఆ రోజు తిన్నగా ఖోర్ ఫక్కాన్ పోయాను. మా గదులు లేవు, రేగుచెట్లు లేవు, గట్టును తవ్వి రోడ్డు వేశారు. అవతల క్యాంపు ఉన్నచోట కంచె, ఖాళీ నేల. అక్కడ పడుకుని లేచిన మనుషులు ఏ దేశాలకు వెళ్ళిపోయారో. తమ కోసం ఒకాయన రెండు రోజులు పెట్టె సర్దుకుని కూర్చున్నాడని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.