నాన్న కొత్త రైఫిల్, అక్క చేతి తక్కెడ

మొన్న శనివారం, ముప్పై అయిదు నిండకుండానే పాపిట్లో మొలిచిన తెల్లవెంట్రుకలను దాచుకుందామని గిన్నెలో రంగు కలుపుతుంటే, నషాళానికెక్కే అమోనియా వాసన ఒక్కసారిగా లేచి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వాసనకు ఇంకొకరికి ఏ బ్యూటీ పార్లరో గుర్తొస్తుంది కాబోలు. నాకు మాత్రం ఇంగ్లండులో, స్విండన్‌లో మా ఇంటి మేడమీది చిన్నగది, అక్కడ నాన్న సన్నటి ఊచకు గుడ్డపేలిక గుచ్చి రైఫిల్ గొట్టంలోకి నెమ్మదిగా తోస్తున్న చప్పుడు, అవతలి కొసన బయటికొచ్చిన పేలిక మీద నీలిరంగు మరక గుర్తొచ్చాయి. గుండ్లు దూసుకుపోతూ గొట్టంలో వదిలిన రాగి పూతను కరిగించే ద్రావకానికీ, జుట్టుకు వేసుకునే రంగుకూ వాసన ఒక్కటే. ఆ వాసన వచ్చిందంటే నాన్న అక్కతో కలిసి ఆ గదిలో ఉన్నారని, నేను కింద ఉన్నానని అర్థం.

మేం బడికి వెళ్ళలేదు. అమ్మ నర్సు, శని ఆదివారాలు, బ్యాంకు హాలిడేలు చూసి డ్యూటీ రోటాలో తన పేరు వేయించుకుని, మిగిలిన రోజుల్లో భోజనాల బల్ల మీదనే నాకూ గ్రేసక్కకూ పాఠాలు చెప్పేది. మిరపకాయల పొడి, పచ్చళ్ళతో పాటు గుంటూరునుంచి అమ్మమ్మ పంపిన పెద్ద అక్షరాల వాచకంలో తెలుగు, లైబ్రరీ పుస్తకాల్లో ఇంగ్లీషు, ఉడుకుతున్న పప్పు వాసనలో చరిత్ర, భూగోళం. లెక్కలు మాత్రం నాన్నవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఆరింటికి బల్ల దగ్గర కూర్చునేవారు. ఆరు నుంచి ఏడు దాకా నాది. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది, తన లెక్కలు తనే చేసుకునేది. నాన్న చొక్కాకు అంటిన మిషను నూనె వాసన, చెవి వెనక దోపుకున్న పెన్సిలు, నేను తప్పు చేస్తే "మళ్ళీ చూడు రూతూ, తొందరేముంది" అనే ఆ గొంతూ నావే అనుకునేదాన్ని. దేవుడు నాకిచ్చిన మేళ్ళలో ఆ గంటను మొదట లెక్కపెట్టుకునేదాన్ని నేను.

నాకు పదకొండో ఏట ఆ గంట పోయింది.

నాన్న కాలేజీ రోజుల్లో క్యాడెట్ శిక్షణలో గురి చూసి కొట్టడంలో బహుమతి తెచ్చుకున్నారట. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన జెఫ్ అంకుల్‌కు ఆ సంగతి తెలిసి, తన రైఫిల్ క్లబ్బుకు తీసుకువెళ్ళారు. రెండేళ్ళు క్లబ్బు రైఫిళ్ళతో సరిపెట్టుకున్నాక, ఒక చలికాలంలో నాన్న సొంతంగా ఒకటి తెచ్చుకున్నారు; ఆరువందల గజాలు, వెయ్యి గజాల దూరానున్న కాగితపు గురిని కొట్టడానికే చేసినది. అంతకు ముందే ఒక పోలీసాయన వచ్చి, తుపాకీ దాచే ఉక్కు బీరువాను గోడకు బోల్టులతో బిగించారో లేదో ఊపి చూసి, అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళారు. "తాగుడు లేదు, సిగరెట్టు లేదు, ఇదొక్కటీ ఉంటే ఉండనీ" అంది అమ్మ. తుపాకీ ఉందని బయట ఎవరికీ చెప్పకూడదన్నది ఇంటి చట్టం. చర్చి పిల్లలు తమ ట్రాంపొలీన్ల గురించి, కుక్కపిల్లల గురించి గొప్పలు పోతుంటే, వాళ్ళందరి గొప్పలనూ ఒక్క మాటతో కొట్టేయగల సంగతిని నోట్లో పెట్టుకుని సమోసా నమలడం ఎంత కష్టమో!

పురిటి బిడ్డకు కూడా అన్ని సేవలు జరగవు. తెరలు మూసేసి, హాల్లో దుప్పటి పరిచి, నాన్న బోర్లా పడుకుని చెంపను దాని చెక్కకు ఆనించేవారు. లేచి, చెంప ఆనే పలకను వెంట్రుకవాసి పైకి జరిపి, మళ్ళీ పడుకునేవారు. కళ్ళు మూసుకుని చెంప ఆనించి, తెరిస్తే రైఫిల్ మీది దుర్భిణి నిండా వెలుగు కనబడాలట. వారం పట్టింది. ఆ తర్వాత ఎదుటి గోడకు దారం కట్టి, దాని కొసన బరువు వేలాడదీసి, దుర్భిణిలోని నిలువుగీత ఆ దారంతో కలిసేదాకా తిప్పడం. కలిశాక మరలను ఒకటొకటిగా, మూల నుంచి మూలకు, బిగించడం. కొత్త గొట్టాన్ని మచ్చిక చేయాలని, క్లబ్బులో ఒక్కో గుండు పేల్చడం, తుడవడం, మళ్ళీ పేల్చడం. నా బుగ్గను నాన్న అలా ఎప్పుడైనా తన బుగ్గకు ఆనించుకున్నారా అని గుర్తుచేసుకుంటూ మెట్లమీద కూర్చునేదాన్ని. ప్రాణంలేని కొయ్యనూ ఇనుమునూ చూసి ఏడ్చుకున్నదాన్ని, ఎందుకు దాచాలి?

కొయ్య సరే. దాని వెనకాలే అక్క కూడా ఆ గదిలోకి వెళ్ళిపోయింది.

వెయ్యి గజాలు కొట్టేవాళ్ళు తూటాలను తామే తయారుచేసుకుంటారు. పేలిన ఇత్తడి తొడుగులను దాచి తెచ్చి, అక్రోటు పెంకుల పొడిలో వేసి దొర్లించే యంత్రంలో మెరిపించి, మళ్ళీ సైజుకు నొక్కి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ బిళ్ళ కూర్చి, తుపాకిమందు తూచి పోసి, మూతిలో గుండు దింపాలి. ఆ యంత్రం క్రిస్మస్ సెలవులంతా గుర్రుపెడుతూనే ఉంది. కింద అమ్మ కజ్జికాయలు వత్తుతుంటే, కొబ్బరీ యాలకులూ వేగే నూనే కలిసిన వాసనలో ఆ గుర్రు వినబడేది. అంతకుముందు ఏటి దాకా కజ్జికాయల అంచులు మడవడానికి నేనూ అక్కా పోటీ పడేవాళ్ళం, ఆ పిండి చేతులతోనే అట్టముక్క మీద గీసిన అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. ఆ ఏడు నేనొక్కదాన్నే మడిచాను.

మందు తూచేది పాతకాలపు తక్కెడ. సన్నటి ముల్లు ఊగి ఊగి గీత దగ్గర ఆగేది. గాలి తగలకూడదని కిటికీ మూసి, నిప్పురవ్వ పుట్టకూడదని ఊలు స్వెట్టర్లు విప్పి, తలుపు దగ్గరే చిన్న ప్రార్థన చేసుకుని మొదలుపెట్టేవారు. అక్క తూచి ఇస్తే నాన్న పోసేవారు. యాభై గుంటల చెక్కపళ్ళెంలో ఖాళీ తొడుగులన్నీ మూతి కిందికి ఉండాలి. మందు పోసినది మాత్రమే మూతి పైకి. అలా అయితే ఏదీ రెండుసార్లు నిండదు, ఏదీ ఖాళీగా మిగలదు. చివర్లో టార్చి వేసి ఒక్కొక్క దానిలోకీ తొంగిచూడటం.

"నేనూ వస్తా నాన్నా."

"పద్నాలుగు నిండనీ అమ్మా. నీకూ నేర్పుతా."

"అక్క తూస్తోందిగా, నేనూ తూస్తా. నాకు లెక్కలు దాని కన్నా బాగా వచ్చు."

"నీకు లెక్కలొస్తాయి గానీ చేతులు ఊరుకోవే," అంది అక్క, తలుపు సందులోంచి, అచ్చం పెద్దవాళ్ళలా. "పో, వెళ్ళి కౌచ్ మీద కూర్చో."

వసంతం వచ్చింది. వెనక తోటలో డాఫొడిల్స్ విచ్చాయి, ఆపిల్ చెట్టుకు మొగ్గలొచ్చాయి, నాన్నకు ఆ రైఫిల్‌తో మొట్టమొదటి వెయ్యి గజాల పోటీ శనివారానికని ఖాయమైంది. గురువారం సాయంత్రం వాళ్ళిద్దరూ పైన యాభై తూటాలకు మందు పోస్తున్నారు. అప్పుడే అమ్మమ్మ ఫోను. గుంటూరు లైను కలవడమే గగనం. నాన్న కిందికి పరుగెత్తారు, రెండు నిమిషాలకు "గ్రేసీ, అమ్మమ్మ నిన్నడుగుతోంది!" అని కేకేశారు. పని మధ్యలో బల్లను ఎవరూ లేకుండా వదలకూడదన్నది నాన్న పెట్టిన నియమమే, పిలిచిందీ నాన్నే. అక్క దిగింది. నేను ఎక్కాను.

పళ్ళెంలో యాభై తొడుగులూ మూతి పైకే ఉన్నాయి. టార్చి పక్కనే ఉంది. ఒకదాన్ని తీసి, దానిలోని మందును పక్కదానిలోకి కాస్త ఒంపాను. ఆవగింజల్లా నల్లటి పలుకులు. చప్పుడు కూడా లేదు. రెండింటినీ ఉన్నచోటే పెట్టాను. శనివారం ఒక గుండు కిందికి పోతుంది, ఒకటి పైకి పోతుంది, అక్క తూకం మంచిది కాదని తేలుతుంది, నాన్న దాన్ని ఆ గదిలోంచి పంపేస్తారు. నేను వేసిన లెక్క ఇంతే. వాళ్ళు పైకొచ్చారు, టార్చి వేసి చూశారు. చిటికెడు తేడా టార్చికి ఏం తెలుస్తుంది? గుండ్లు దింపి డబ్బాలో సర్దేశారు.

శుక్రవారం నాన్న ఫ్యాక్టరీ నుంచి తొందరగా వచ్చారు. పనంతా అయిపోయిన సంతోషమో ఏమో, ఎన్నో వారాల తర్వాత బల్ల దగ్గర కూర్చుని, "రా రూతమ్మా, నీ గంట నీకిస్తా" అన్నారు. నేను లెక్కల పుస్తకం తెరవకుండా, అంత సన్నగా ఎందుకు తూస్తారని అడిగాను. అడగాలని ఎందుకు తోచిందో ఇప్పటికీ నాకు తెలియదు, దేవుడే తోపించాడనుకుంటాను.

"అమ్మ కుక్కరు వెయిటు దగ్గర ఏదో అడ్డుపడిందనుకో. ఏమవుతుంది?"

"పేలుతుంది."

"తూటాలో మందు ఎక్కువైనా అంతే. గొట్టంలో పట్టనంత ఒత్తిడి. అది పేలేచోటుకీ నా కంటికీ ఇంత దూరం." బొటనవేలూ చూపుడువేలూ చాపి తన చెంప పక్కన పెట్టి చూపించారు. "అందుకే అక్క అంత జాగ్రత్తగా తూస్తుంది."

అక్క అన్న మాట దగ్గర గుచ్చుకుంది ముందు. ఆ తర్వాతే మిగతాది అర్థమైంది. అర్థమయ్యాక లెక్కల పుస్తకం తెరిచాను. భిన్నాలు చేశాను, అన్నీ సరిగ్గానే వచ్చాయి.

భోజనాలకు ముందు కుటుంబ ప్రార్థన. మా ఇంటి ఆనవాయితీ, పాట అయ్యాక చిన్నవాళ్ళు చివరగా, ఒక్కొక్కరూ ఆ రోజుకు ఒక్క కృతజ్ఞత చెప్పాలి. ఏమీ లేదని అనకూడదు. అమ్మ, వార్డులో తను చూసుకునే ముసలమ్మ ఇంటికి వెళ్ళిందని స్తోత్రం చెప్పింది. నాన్న, రేపు గాలి తగ్గుతుందన్నారని చెప్పారు. అక్క తల వంచుకుని, "నాన్న నన్ను నమ్మినందుకు" అంది. నా వంతు వచ్చింది. గోడ గడియారం కొట్టుకుంటోంది, పొయ్యిమీద చారు పొంగుతోంది, అమ్మ లేచి కట్టేయలేదు.

"రేపు ఆ తూటాలు పేల్చొద్దు నాన్నా," అన్నాను. "నేను రెండిట్లో మందు మార్చాను. ఏ రెండో గుర్తులేదు."

నాన్న కళ్ళు తెరవలేదు. ప్రార్థన ముగించి, ఆమేన్ అని, చారు కట్టేసి, పైకి వెళ్ళి డబ్బా తెచ్చారు. బిగించిన తూటాను విప్పడానికి సుత్తిలాంటి పనిముట్టు ఒకటుంది. తూటాను దానిలో పెట్టి నేలకేసి కొడితే గుండు ఊడివస్తుంది. గరాజ్‌లో కూర్చుని యాభైనీ విప్పారు. ఠప్, ఠప్ అని యాభైకి మించే వినబడింది, కొన్ని ఒక్క దెబ్బకు ఊడవుగా. ఒక్కొక్కదాని మందునూ తక్కెడలో వేశారు. లోపలికొచ్చి, "దొరికాయి" అన్నారు. ఎక్కువైనదానిలో ఎంత ఎక్కువుందో చెప్పలేదు. నేను అడగలేదు. జెఫ్ అంకుల్‌కు ఫోన్ చేసి రేపు రావట్లేదన్నారు, కారణం చెప్పలేదు.

నన్ను కొట్టలేదు. "చెప్పావు, అది చాలు" అన్నారు. తర్వాత అక్క వైపు తిరిగి, "నిన్ను పిలిచింది నేనే, తప్పు నాదే గ్రేసీ. కానీ ఇకనుంచి ఆ బల్ల దగ్గర ఒక్క జత చేతులే ఉంటాయి" అన్నారు. మర్నాడు, పోటీకి వెళ్ళాల్సిన సమయంలో, గది తలుపుకు తాళం బిగించారు. అక్క మెట్లమీద నా పక్కనుంచి పోతూ, "హ్యాపీయా? నీకు కావాల్సింది ఇదేగా" అంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే. అది దొరికింది. పద్నాలుగు నిండినప్పుడు నేనూ అడగలేదు, నాన్నా పిలవలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆ గది లేదు. గోడ కొట్టేసి బాత్రూం పెద్దది చేశారు. నడుము నొప్పితో బోర్లా పడుకోలేక నాన్న లైసెన్సు వదులుకున్నారు, రైఫిల్ క్లబ్బులో ఎవరికో వెళ్ళింది. అక్రోటు పెంకుల యంత్రం, చెక్కపళ్ళెం ఏమయ్యాయో తెలియదు. జెఫ్ అంకుల్ పోయారు. గుంటూరు నుంచి ఫోను ఇప్పుడు ఎప్పుడంటే అప్పుడు కలుస్తుంది, కానీ అటువైపు అమ్మమ్మ లేదు. నాన్న రెండు కళ్ళూ, దేవుని దయవల్ల, బాగున్నాయి. అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తారు, అది చూసినప్పుడల్లా నేను లోలోపల స్తోత్రం చెప్పుకుంటాను. ఆ స్తోత్రంలో కల్తీ లేదు.

కానీ అసూయ కూడా ఎక్కడికీ పోలేదు. పోయిన నెల బర్మింగ్‌హామ్‌లో అక్క ఇంట్లో బట్టలు మడతపెడుతూ, ఇన్నేళ్ళకు అడిగేశాను: "అక్కా, ఆ గదిలో అన్ని సాయంత్రాలు నాన్న నీతో ఏం మాట్లాడేవారే?"

అక్క మడతపెడుతున్న చొక్కాను ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమీ మాట్లాడేవారు కాదే," అంది. "ముల్లు ఆగేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆగాక ఇద్దరం ఒక్కసారే వదిలేవాళ్ళం. అంతే."

నేను ఇంకో చొక్కా తీసుకున్నాను. ఏం మాట్లాడి ఉంటారోనని ఇరవై ఏళ్ళుగా ఊహించుకున్నవన్నీ వదులుకోవచ్చు గానీ, దీన్ని మాత్రం ఎలా వదులుకోవాలో తెలియడం లేదు.