పెద్దల్లుడికి ఎనిమిది మీటర్లు

ఆ రోజుల్లో, ఒక మాట నిజమని నిరూపించగలిగితే చాలు, లోకం దాని ప్రకారం నడుచుకుంటుందని నేను నమ్మేదాన్ని. (ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు. అప్పటి ఫోను ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తూనే ఉంది. పనిచేయడం మానేసింది ఆ నమ్మకం ఒక్కటే.) విజయవాడలో చదివిన కాలేజీలో నేను డిబేట్ పోటీల మనిషిని. ప్రతిపాదన, దానికి ఆధారం, ఎదుటివారి అభ్యంతరం, ఆ అభ్యంతరానికి ఖండన. ఈ వరుసలో తప్ప, ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందని కూడా చెప్పేదాన్ని కాదు. "దీనితో మాట్లాడాలంటే పక్కన ప్లీడరుండాలి" అని మా నాన్నగారు విసుక్కునేవారు. ఆయన విసుగును నేను ప్రతిపక్షం బలహీనపడుతోందనడానికి సూచనగా నమోదు చేసుకునేదాన్ని.

చదువు పూర్తయిన ఏడు, ఉయ్యూరులో చెరకు వేసే మా బాబాయి పడమటి తీరానికి విహారయాత్రకు వెళ్ళి, అక్కడ మనుషులను ఇసుక మీద ఈడ్చుకుపోయే గాలిపటాలను చూసి మతిపోగొట్టుకుని వచ్చాడు. పవర్ కైట్లంటారు వాటిని. వెదురుపుల్ల ఉండదు, కాగితం ఉండదు. అరలు అరలుగా కుట్టిన గుడ్డలోకి గాలి దూరి నిండితే అది రెక్కలా బిగుస్తుంది. దాని తాళ్ళ చివర రెండు పిడులుంటాయి, ఆ పిడుల చివర మనముంటాం. బందరు దగ్గర సముద్రపు ఒడ్డున బాబాయి కొంత స్థలం లీజుకు తీసుకుని, అవి నేర్పే కేంద్రం పెడతానన్నాడు. నన్ను శిక్షణకు పంపి, నేర్పే పని నాకే అప్పగించాడు. నాన్నగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. వేసవి దాటేలోగా ఆ కేంద్రం నిలదొక్కుకుంటే సరే, లేదంటే నేను మారుమాట లేకుండా బ్యాంకు కోచింగులో చేరాలి. ఒప్పుకున్నాను. నాకు ఆ ఉద్యోగం ప్రాణంతో సమానమైపోయింది. గాలి ఒక నియమానికి కట్టుబడి ఉంటుంది, ఆ నియమం తెలిసినవారి మాట వింటుంది. మా బంధువర్గంలో అలా వినేవారు ఎవరూ లేరు.

ఆ నియమం చాలా చిన్నది. గాలి తక్కువగా ఉంటే పెద్ద పటం, ఎక్కువగా ఉంటే చిన్న పటం. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పట్టుకునే మనిషి బక్కపలచనివాడైతే ఇంకా చిన్నది ఇవ్వాలి. మా దగ్గర మూడు, అయిదు, ఎనిమిది చదరపు మీటర్ల పటాలున్నాయి. ఈ మాత్రం పాఠం ఎవరికైనా కాఫీ చల్లారేలోగా చెప్పవచ్చునని నేననుకున్నాను. అయితే ప్రారంభోత్సవం నాడు తొలి పటాలు తన ఇద్దరల్లుళ్ళ చేత ఎగరేయించాలని బాబాయి నిశ్చయించాడు. పెద్దబావగారు గుంటూరులో లెక్చరరు, ఫ్యాను మూడో నంబరులో తిరిగితే కండువా కప్పుకునే సన్నటి మనిషి. చిన్నబావగారికి మంగళగిరిలో చేనేత బట్టల షాపు, ఆయన ఎక్కితే ఆటో ఒక పక్కకు ఒరుగుతుంది. పెద్దల్లుడికి ఎనిమిది మీటర్లు, చిన్నల్లుడికి అయిదు మీటర్లు అని బాబాయి ప్రకటించాడు. మూడు మీటర్లది పిల్లలు ఆడుకోవడానికట.

నేను నియమాన్ని వివరించాను. బాబాయి శ్రద్ధగా, తల ఊపుతూ విన్నాడు. "నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టమ్మా. కాదన్నదెవరు? కానీ పెద్దాయనకి చిన్నదిచ్చి చిన్నాయనకి పెద్దదిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"గాలికి ఆ నలుగురితో పనిలేదు బాబాయ్."

"గాలికి లేకపోవచ్చు. నాకుంది కదమ్మా."

డిబేట్‌లో దీనికి ఖండన నేర్పరు. ఎదుటివాడు మనల్ని కాదంటే ఎలా గెలవాలో తెలుసు. మన ప్రతి మాటనూ ఒప్పుకుని, తన పని తాను చేసుకుపోతే ఏం చేయాలి? చివరికి నేనే ఒక మధ్యేమార్గం కనిపెట్టాను. పొద్దుటి పూట సముద్రం మీద గాలి మందంగా ఉంటుంది, అప్పుడైతే పెద్దబావగారు ఎనిమిది మీటర్లది పట్టుకున్నా ముప్పు లేదు. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి విరుచుకుపడుతుంది. కాబట్టి ఎండెక్కకముందే ఒడ్డు చేరాలి. అందరూ సరేనన్నారు. (వారు సరేనన్నప్పుడల్లా భయపడాలని అప్పటికింకా నాకు తెలియదు.)

ఆ ఉదయం ఉయ్యూరులో పిన్ని వంటింట్లోంచి గారెలు వస్తూనే ఉన్నాయి. వాటి వెనక పెసరట్లు, వాటి వెనక ఉప్మా. నేను గుమ్మంలో నిలబడి సూర్యుణ్ణీ విస్తళ్ళనూ మార్చి మార్చి చూస్తున్నాను.

"పిన్నీ, ఇక బయలుదేరదాం."

"అల్లుళ్ళు అర్ధాకలితో గడప దాటతారంటే? సముద్రం యాడికి పోద్ది?"

"సముద్రం పోదు పిన్నీ, పొద్దుటి గాలి పోతుంది."

"పోతే ఇంకోటి వత్తది."

నిజమే, వస్తుంది. అదే నా భయం. మేము ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇసుక పొగలా లేచి నేలబారుగా పరుగెడుతోంది. షామియానా గుంజలు కిర్రుమంటున్నాయి. ఆ గాలికి నేనైతే మూడు మీటర్ల పటాన్ని కూడా ఒకసారి ఆలోచించి విప్పుతాను. "ఈ గాలికి ఇద్దరికీ చిన్నదే ఇద్దాం బాబాయ్, ఒకరి తరవాత ఒకరికి. మొదట పెద్దబావగారికే" అన్నాను. "పిల్లలదా?" అని బాబాయి నా వైపు చూసిన చూపులో కోపం లేదు, బాధ ఉంది.

పెద్దబావగారు నన్ను మెల్లగా పక్కకు పిలిచారు. "నాకు చిన్నదే ఇప్పించమ్మా. నేనడిగానని మాత్రం మావయ్యగారికి తెలియనీయకు."

"ఆ మాట మీరే అంటే సరిపోతుంది కదా బావగారూ!"

"నేనెలా అంటానమ్మా? ఇచ్చింది తక్కువైతే అల్లుడు అలుగుతాడు గానీ, ఎక్కువైందని ఎవరైనా అంటారా?"

చిన్నబావగారి దగ్గరికి పరుగెత్తాను. "గాలి సంగతి నాకూ తెలుస్తానే ఉందమ్మాయ్. కానీ అన్నయ్యగారి కంటే పెద్దది నా చేత పట్టించకు. తర్వాత మా ఆవిడతో ఎవరు పడతారు?" అన్నారాయన. ఆ విధంగా, సభ్యులందరూ సమర్థించిన తీర్మానం ఏకగ్రీవంగా వీగిపోవడం నా అనుభవంలో అదే మొదటిసారి. మిగిలింది సత్యాగ్రహమే. ఎనిమిది మీటర్ల పటమున్న సంచి మీద కూర్చుని, కదలనన్నాను. "లే తల్లీ, బట్టలు ఇసకవుతాయి" అని బాబాయి ఎంతో ఆప్యాయంగా నన్ను లేవదీసి, సంచి తీసుకుపోయాడు.

చివరి ఆశగా పెద్దబావగారికి ఒకే ఒక్క పాఠం చెప్పాను. "ఇంకేమీ గుర్తుంచుకోవద్దు. భయం వేస్తే పిడులు రెండూ వదిలేయండి. పటం దానంతటదే చచ్చినట్టు పడిపోతుంది." ఆయన విద్యార్థిలా తలూపారు. పటం నిండింది. టపాకాయ పేలినట్టు చప్పుడైంది. బావగారు మొదట మునివేళ్ళ మీద లేచారు, తరవాత ఎవరికో నమస్కరిస్తున్నట్టు ముందుకు వంగారు, ఆపైన జన్మలో ఎన్నడూ వేయనంత అంగలతో పరుగెత్తారు, చివరికి పిన్ని పెట్టిన జరీ అంచు పంచెతో సహా బోర్లాపడి ఇసుక మీద జారుకుంటూ పోసాగారు.

"వదిలేయండి బావగారూ, వదిలేయండి!" అని నేను గొంతు చించుకున్నాను.

"ఎట్లా వదుల్తానమ్మా, మావయ్యగారు చేతికిచ్చింది!"

నేను ఆయన కాలు పట్టుకున్నాను, నా తర్కంతో సహా నేనూ ఈడ్చుకుపోబడ్డాను. చిన్నబావగారు వచ్చి ఆయన నడుము పట్టుకున్నారు. (బరువు విషయంలో నియమం ఎంత సరైనదో అప్పుడు రుజువైంది. వేగం తగ్గింది, ప్రయాణం ఆగలేదు.) ముగ్గురం కలిసి షామియానాలోకి ప్రవేశించి, పులిహోర గిన్నెనూ మజ్జిగ డ్రమ్మునూ వెంటబెట్టుకుని అవతలి వైపు నుంచి బయటకు వచ్చాం. షామియానా వెనకనున్న సరుగుడు చెట్లకు చిక్కుకున్నాక గానీ పటం ఆగలేదు. బావగారి మోకాళ్ళూ మోచేతులూ దోక్కుపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు. పిడులు మాత్రం ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

"ఎనిమిది మీటర్లది కదా!" అని బాబాయి పరుగున వచ్చిన వారందరికీ గర్వంగా చెబుతున్నాడు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదని తేలాక పిన్ని కూడా కళ్ళు తుడుచుకుని, పెద్దాయన మర్యాదకు లోటు రాలేదని సంతోషించింది. నాకు లోటు వచ్చింది. తిరుగు ప్రయాణంలో బాబాయి, "నువ్వు చెప్పిందే కరెక్టమ్మా. ఈ గాలికీ మన ఇంటికీ పడదు" అని తీర్పు చెప్పి, ఆ వారంలోనే లీజు వదులుకున్నాడు. ఎనిమిది మీటర్ల పటాన్ని ధాన్యం రాశి మీద కప్పి, "చినుకు దిగదు, భలే గుడ్డ" అని మెచ్చుకున్నాడు. నాన్నగారు ఒక పొద్దున కోచింగ్ సెంటర్ ముందు స్కూటరు ఆపి, "దిగమ్మా" అన్నారు. దిగాను. కేసు మొత్తం గెలిచిన మనిషి జైలుకు వెళ్తున్నట్టుంది నాకు.

ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. మొన్న చిన్నబావగారు విజయవాడలో తెరిచిన రెండో షాపు ప్రారంభానికి వెళితే, భోజనాల దగ్గర పెద్దబావగారు నా పక్కన కూర్చున్నారు. కొంతసేపు మోకాలు నిమురుకుని, ఎవరినీ నిందించని గొంతుతో, "ఆ రోజు మధ్యాహ్నం అంత గాలి ఉంటుందని ఎవరైనా ఒక్క మాట ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు.

నా నాలుక మీదికి ప్రతిపాదన వచ్చింది, ఆధారాలు వచ్చాయి, సాక్షులుగా అదే వరుసలో బాబాయీ పిన్నీ చిన్నబావగారూ కూర్చుని ఉన్నారు కూడా. ఆయన ముఖం చూశాను. నిజంగానే ఆయనకు ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు.

"అవును బావగారూ, ఎవరైనా చెప్పి ఉండాల్సింది" అన్నాను.

ఆయన ఊరటగా పెరుగు కలుపుకున్నారు. ఆ ఒడ్డున గొంతు పోయేదాకా అరిచిన అమ్మాయి ఈ సమాధానం వింటే నన్ను క్షమించి ఉండేది కాదు, ఖండనకు సమయం కావాలని లేచి నిలబడి ఉండేది. ఎంత నమ్మకం పిచ్చిపిల్లకి! ఆమె తరఫున నాలో నేనే కాస్త నవ్వుకుని, నేనూ పెరుగు వేయించుకున్నాను.