దొర్కా కోసం ఏడ్చిన పల్లె

తొలి సంఘపు స్త్రీలందరిలో నాకు ఫీబే అంటే ఎక్కువ ఇష్టం. కారణం భక్తి కాదు, ప్రయాణం. అపొస్తలుడి ఉత్తరం పట్టుకుని ఆమె సముద్రం దాటి రోమా పట్టణానికి వెళ్లిందని పెద్దలు చెబుతారు. అంత దూరం ఆడమనిషి ఎలా వెళ్లింది, దారిలో ఏం తిన్నది, ఓడకు కిరాయి ఎంత ఇచ్చుకున్నది, ఎవరూ రాసిపెట్టలేదు. రాసి ఉంటే ఆమె వెనుక బయలుదేరే ఆడవాళ్లకు ఎంతో పనికొచ్చేది. ఆ లోటు నా వల్ల మళ్లీ జరగకూడదని, మర్రిగూడ వైపు వెళ్లివచ్చిన ఈ చిన్న ప్రయాణాన్ని బస్సు వేళలతో సహా రాస్తున్నాను.

మా నల్లగొండ స్త్రీల సమాజం ఏటా జొన్నకోతలు అయిపోగానే ఒకరిని పల్లెలకు పంపి, అక్కడి ఆడవాళ్లకు పాఠం చెప్పిస్తుంది. ఈ ఏటి పాఠం ఆదిమ సంఘంలోని స్త్రీలు. వెళ్లవలసిన పెద్దావిడ మెట్లు దిగుతూ కాలు బెణికించుకున్నది. శని, సోమవారాలు బడికి సెలవు పెడితే చాలు కదా అని అందరూ నా వైపు చూశారు. పెళ్లికాని టీచరమ్మకు ఇంట్లో పనేముంటుందని లోకానికి గట్టి నమ్మకం. సంచిలో రెండు చీరలు, బైబిలు, ఒక మరచెంబు నీళ్లు పెట్టుకుని శనివారం పొద్దున్నే బస్టాండుకు వెళ్లాను.

ఏడు గంటల బస్సు ఎనిమిదింటికి కదిలింది. మునుగోడు మీదుగా చండూరుకు కిరాయి రూపాయి లోపే. మర్రిగూడ దాకా బస్సు ఉందని నల్లగొండలో చెబుతారు, లేదని చండూరులో చెబుతారు. చండూరు వాళ్ల మాటే నమ్మండి. అక్కడ దిగి, హోటల్లో చాయ్ తాగి, అంగడి దగ్గర కచ్చరం మాట్లాడుకోవాలి. పైన గూడు ఉన్న ఎడ్లబండిని ఇక్కడ కచ్చరం అంటారు. మూడు రూపాయలు అడుగుతారు, రెండున్నరకు వస్తారు. ఎండ ఎక్కకముందే బయలుదేరితే పొద్దు వాలేసరికి చేరతారు. దారంతా ఎర్రమట్టి, రాళ్లు, కోసేసిన కందిచేలు, అక్కడక్కడా రోడ్డు మొత్తం నిండిపోయి బండిని ఆపేసే గొర్రెల మందలు. గొర్రెలకు తొందర ఉండదు. మీరూ తొందరపడకండి.

నా బండి తోలినాయన పేరు మల్లయ్య. గొర్లకాపరుల ఇంటి మనిషి. దారిలో ఒక మోటబావి దగ్గర నేను చెంబు తీయబోతే వద్దన్నాడు. ఆ నీళ్లు తాగిన వాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయట, తన తల్లి నడుము అలాగే వంగిపోయిందట. ముందుకు పోతే చెరువు ఉందని, అక్కడ నింపుకోమని చెప్పాడు. నేను వెళ్లేది ఉపదేశిగారి ఇంటికని మాటల్లో చెప్పాను. ఉపదేశి అంటే నేను వెళ్లే పల్లెలో ప్రార్థన నడిపే పెద్ద. వానాకాలం చివర ఆయన తల్లి మార్తమ్మ చనిపోయిందని తర్వాత మల్లయ్యే చెప్పాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు లేదట. పాత చీరలు పొరలుగా పేర్చి, అంచు నుంచి అంచుకు దారం పోసి కుట్టే బొంత అది. చలికాలం పేదవాడికి అంతకంటే వేరే కంబళి ఏముంది.

"మట్టి జేసేటప్పుడు నేను గూడ పోయిన," అన్నాడు మల్లయ్య. "ఒక్కరు నోరు దెరిసి ఏడ్వలే. అంత మంచి మనిషిని గట్ల సప్పుడు లేకుంట సాగదోల్తే మాకే ఎట్లనో అయింది పంతులమ్మా."

ఉపదేశి ఏసుదాసుగారు వాకిట్లోనే ఎదురొచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ లేకపోయినా మరక లేని పంచెతో ఉన్నారు. నా సంచి తీసుకుని లోపల పెట్టి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగి, ప్రార్థన చేసి, అప్పుడు మంచినీళ్లు ఇప్పించారు. నీళ్లు ముందిచ్చి ప్రార్థన తర్వాత చేసినా దేవుడేమీ అనుకునేవాడు కాదు. ఇంట్లో ఆయన చెల్లెలు శాంతమ్మ ఉంది. భర్త పోయాక తల్లి దగ్గరికే వచ్చి ఉండిపోయిన మనిషి. రాత్రి భోజనానికి జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన పల్లీలు. నాకు రొట్టె వేస్తూ దారి గురించి, బడి గురించి బాగానే మాట్లాడింది. అన్న ముందు మాత్రం పళ్లెం పెట్టి వెనక్కి తిరిగింది. ఆయన ఉప్పు కావాలనుకుంటే గోడకు చెప్పారు. ఉప్పు వచ్చింది, మాట రాలేదు.

సంగతేమిటో పక్కింటి అచ్చమ్మ పొద్దున నాకు చెప్పింది. అచ్చమ్మ ఆ వాడలో అందరికంటే పెద్దది, చనిపోయిన మార్తమ్మకు చిన్ననాటి జత. ఇక్కడ ఎవరైనా పోతే ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని, పోయిన మనిషి మంచీ చెడూ పేరుపేరునా చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. అదే శోకం. ఉపదేశిగారు ప్రార్థన నడపడం మొదలుపెట్టిన కొత్తలోనే దాన్ని మాన్పించారు. మనవాళ్లు ప్రభువు దగ్గరికి వెళ్తున్నారు, శోకం తీస్తే నమ్మకం లేనట్టే అని ఆయన బోధ. ఆడవాళ్లు విన్నారు. భర్తలను పంపారు, కడుపున పుట్టినవాళ్లను పంపారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊరుకున్నారు. చివరికి ఆయన తల్లి వంతు వచ్చింది. శాంతమ్మ అమ్మా అని రాగం ఎత్తబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. ఆమె ఆగింది. ఆ రోజు నుంచి అన్నతో మాట లేదు, ప్రార్థనకు రావడం లేదు.

"మాకొక తీరు, ఆయన తల్లికొక తీరు జెయ్యలే. గదొక్కటి ఒప్పుకోవాలె," అన్నది అచ్చమ్మ. "గని శాంతమ్మ కొల్లాపూర్ కాడ అత్తగారూరికి పోత అంటాంది. గిట్లనే పోతే గా పిల్ల మల్ల మా గుడి మొకం సూడది. జర నువ్వు జెప్పు."

ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆయనకు చెబితే వాక్యం తీసి చూపిస్తారు. ఆమెకు చెబితే ఊఁ కొట్టి పొయ్యి ఊదుకుంటుంది. ఒక్కటే చేయగలిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక, ఆడవాళ్ల పాఠం ప్రార్థన మందిరంలో వద్దని, ఉపదేశిగారి ఇంటి వాకిట్లో పెట్టుకుందామని అడిగాను. రంగు బట్టల వ్యాపారం చేసుకునే లూదియ తన ఇల్లు తెరిచి సంఘాన్ని పిలిచింది కదా, పాఠం కూడా అదే కదా అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకుని, ఆడవాళ్ల మధ్య తానెందుకని మందిరంలోనే ఉండిపోయారు. శాంతమ్మ వంటింటి గడప లోపల చేట పెట్టుకుని కందులు చెరుగుతూ కూర్చుంది. బయటికి రాలేదు, తలుపూ వేయలేదు.

కూలికి పోయే ఆడవాళ్లకు ఆదివారం ఒక్కటే తీరిక. ఒక్కొక్కరూ చంకలో మడత బొంత పెట్టుకుని వచ్చి, వాకిట్లో పరుచుకుని కూర్చున్నారు. లూదియ సంగతి చెప్పాను, బాగుందన్నారు. రోదే అనే పనిపిల్ల సంగతి చెప్పాను. చెరసాల నుంచి బయటపడ్డ పేతురు వచ్చి తలుపు కొడితే, సంతోషంలో తలుపు తీయడం మరచి లోపలికి పరుగెత్తిన పిల్ల. అందరూ పడి పడి నవ్వారు. తర్వాత దొర్కా దగ్గరికి వచ్చాను. యొప్పే ఊళ్లో విధవరాండ్రకు అంగీలు, బట్టలు కుట్టిపెట్టిన మనిషి. ఆమె జబ్బుపడి చనిపోయింది, కడిగి మేడగదిలో పడుకోబెట్టారు, పేతురును పిలిపించారు, ఆయన వచ్చేసరికి విధవరాండ్రందరూ ఆమె కుట్టిన అంగీలు చూపిస్తూ ఏడుస్తున్నారు అని చెప్పాను. అక్కడి నుంచి ఆమె బతికిన ఘట్టానికి పోవడమే మా అందరికీ అలవాటు.

"ఏమని ఏడ్చిండ్రు?" అని అచ్చమ్మ అడిగింది.

రాయలేదు అన్నాను. రాయకపోవడం ఆమెకు వింతగా తోచింది. ఏడుపుకు మాటలు లేకపోవడమేమిటి. అక్కడున్న ఆడవాళ్లందరికీ అదే అనుమానం వచ్చింది. పాఠంలో వాళ్లకు అర్థం కాని సంగతి చచ్చిన మనిషి లేవడం కాదు, చచ్చిన మనిషిని మాటలు లేకుండా ఏడ్వడం. ఒకామె ఇలా అని ఉంటారన్నది, ఇంకొకామె కాదు ఇలా అని ఉంటారన్నది. అచ్చమ్మ అందరినీ ఊరుకోమని, తన కింద ఉన్న బొంత లాగి ఒళ్లో వేసుకుని, యొప్పే విధవరాండ్రు ఎలా ఏడ్చి ఉంటారో నాకు చూపించడం మొదలుపెట్టింది.

"మా దొర్కవ్వా, సలికాలమొస్తే మా పిల్లల ఒంటికి అంగీ ఏస్తివి గదనే. మా అవ్వా, ఇగ మాకు సూదిల దారం ఎవ్వలెక్కిస్తరే."

మొదట చుట్టూ ఉన్నవాళ్లు చిన్నగా నవ్వారు. తర్వాత నవ్వలేదు. ఒకామె రాగం అందుకుంది, మరొకామె కలిసింది. చిరిగిన చీరలు ఇల్లిల్లూ అడిగి తెచ్చి బొంతలు కుట్టి ఇస్తివి అన్నారు. కండ్లు కనిపించకపోయినా చేతివేళ్లతో తడిమి కుట్టి ఇస్తివి అన్నారు. చుట్ట ఆరిపోతే నిప్పుకని నా పొయ్యికాడికి వస్తివి గదనే అన్నది అచ్చమ్మ. దొర్కాకు చుట్ట తాగే అలవాటు ఉందని నేనెక్కడా చదవలేదు. ఆమె పేరు పలకడం అప్పటికే అందరూ మానేశారు. ఎవరి కింద బొంత వాళ్లు తీసి ఎత్తిపట్టుకున్నారు. అవన్నీ మార్తమ్మ కుట్టినవేనని అప్పుడు తెలిసింది. బైబిలు మూసి పక్కన పెట్టాను.

వంటింట్లో చేట కింద పడింది. శాంతమ్మ బయటికి వచ్చి అచ్చమ్మ ఒళ్లోని బొంతలో ముఖం పెట్టి, అమ్మా అని ఒక్క రాగం తీసింది. అన్ని నెలలు ఆపుకున్న ఏడుపు అది. నేనూ ఏడ్చాను. మార్తమ్మ నాకేమీ కాదు, ఆమె ముఖం కూడా నేను చూడలేదు.

మందిరం వాడ చివరే. ఉపదేశిగారికి వినిపించకుండా ఎలా ఉంటుంది. ఆయన వాకిలి దగ్గరికి వచ్చి నిలబడగానే ఒక్కొక్కరి గొంతూ ఆగిపోయింది. శాంతమ్మ మాత్రం తల ఎత్తలేదు, ఆగలేదు. అచ్చమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఆయన వైపు సూటిగా చూసింది. ఆయన చెల్లెలిని చూశారు. నా వైపు తిరిగి అడిగారు.

"పంతులమ్మా, పేతురు వాళ్లను ఏడ్వద్దన్నడా?"

"అన్నట్టు లేదు అయ్యగారూ. అందరినీ బయటికి పంపి మోకరించాడు. అంతే ఉంది."

ఆ మాట ఆయనకు తెలియనిది కాదు. ఎన్నిసార్లు చదివి ఉంటారో. ఆయన చాలాసేపు ఆ బొంతలు చూస్తూ నిలబడ్డారు.

"ఆయన లేపిండు. నాతోని గాదు," అన్నారు. "ఏడ్వుండ్రి."

అని, బయట అరుగు మీద కూర్చుని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. దీపాలు పెట్టేదాకా వాకిట్లో ఏడుపు సాగింది. భర్తల పేర్లు వచ్చాయి, పిల్లల పేర్లు వచ్చాయి, అంతకాలం ఏడ్వకుండా పంపిన వాళ్లందరి పేర్లూ వచ్చాయి. చివరకు ముక్కులు చీదుకుని, ముఖాలు కడుక్కుని, దొర్కా మళ్లీ లేచిందా అని అడిగారు. లేచిందన్నాను. లేస్తుందని వాళ్లకు ముందే తెలుసు, ఆ మాట నా నోట వినాలని అడిగారు. అందరూ కలిసి స్తోత్రం అన్నారు.

సోమవారం పొద్దున మల్లయ్య కచ్చరం కట్టుకుని వచ్చేసరికి శాంతమ్మ రొట్టెలు చేస్తున్నది. అన్న పెరట్లో ఉన్నారు. ఆమె పొయ్యి దగ్గర నుంచే, "అన్నా, రొట్టె సల్లారుతాంది, రా," అన్నది. ఆయన చేతులు కడుక్కోవడం కూడా మరచి పరుగున వచ్చారు. నేను బండి ఎక్కుతూ కొల్లాపూర్ వెళ్తున్నావా అని శాంతమ్మను అడిగాను. పోయొస్త అన్నది. తెల్లవారుజామునే కదిలితే చండూరులో మధ్యాహ్నం బస్సు దొరుకుతుంది, చీకటి పడకముందే నల్లగొండ చేరతారు.

దారిలో నాకు ఒకటే ఆలోచన. దొర్కా కథను మా సమాజంలో ఎప్పుడూ చేతిపని గురించి, దానధర్మాల గురించి చెబుతాం, తర్వాత గబగబా ఆమెను లేపేస్తాం. ఆ విధవరాండ్రు మాకు దారిలో తగిలే మనుషులు, అంతే. కానీ పేతురును పిలిపించిన ఊరూ, అంగీలు పట్టుకుని ఏడ్చిన ఊరూ ఒకటే. ఏడ్చినవాళ్లకు నమ్మకం లేదని పేతురు అనలేదు. ఆశ ఉన్నవాళ్లే అలా ఏడ్వగలరేమో అని నాకిప్పుడు అనిపిస్తున్నది. లూదియ ఇల్లు తెరవడం ఎంత విశ్వాసమో, తనకు చేతకాని పనిని చేతకాదని పదిమంది ముందు ఒప్పుకుని తోటివాళ్లను ఏడ్వనివ్వడం కూడా అంతే విశ్వాసమని ఆ అరుగు మీద కూర్చున్న మనిషిని చూశాక నమ్ముతున్నాను.

ఆ వైపు పాఠం చెప్పడానికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆదివారం సాయంత్రానికి తిరుగు బండి మాట్లాడుకోకండి. దొర్కా చనిపోయిన మాటకూ లేచిన మాటకూ మధ్య పుస్తకంలో నాలుగు పంక్తులే ఉన్నాయి, ఆ పల్లెలో మాత్రం ఆడవాళ్లు అక్కడే కూర్చుంటారు, వాళ్లు లేచేదాకా మీరూ కూర్చోవాలి.